కుశస్థలికి మనం బాకీపడ్డ పాట

సంగీతం నేర్చుకునే పిల్లలున్న ప్రతి తెలుగింటికీ తిరువయ్యారు తెలుసు, కావేరి తెలుసు. తిరువొత్తియూరు ఎక్కడుందని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. త్యాగరాజస్వామి తన శిష్యుడు వీణ కుప్పయ్యర్ పిలుపు మీద ఆ ఊరు వచ్చారు. అక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద ఐదు కీర్తనలు చేశారు. తిరువొత్తియూరు పంచరత్నాలంటే అవే. బేగడ రాగంలోని ‘సుందరి నన్నిందరిలో’ వాటిలో ఒకటి. ఆ ఊరికి కూతవేటు దూరంలో మణలి ఉంది. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు కుటుంబంతో సహా వచ్చి మణలి ముదలియార్ల ఆదరణలో ఉన్నది అక్కడే. ముత్తుస్వామి యవ్వనం గడిచిందీ అక్కడే.

ఇవాళ మణలి అంటే చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీలు. తిరువొత్తియూరు దాటి ఉత్తరంగా పోతే ఎన్నూరు. అక్కడ థర్మల్ కేంద్రాలు, బొగ్గు గుట్టలు, బూడిద మోసే గొట్టాలు. ఈ మూడూళ్ల వెనకగా వచ్చి ఒక నది ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. తమిళులు కొసస్తలై ఆరు అంటారు. అది మన చిత్తూరు జిల్లా కుశస్థలే.

నేను పుట్టింది నగరి దగ్గర. పెళ్లయి వచ్చింది ఉత్తర చెన్నైలోని తండయార్‌పేటకి. ఇక్కడే ఏళ్ల తరబడి పిల్లలకి పాట చెబుతున్నాను. నా పుట్టిల్లు నదికి ఎగువన, మెట్టినిల్లు దిగువన. అందుకే ఈ నాలుగు మాటలు రాయాల్సిన బాధ్యత నాకుందనుకుంటున్నాను. ఎన్నూరు దగ్గర మత్స్యకారులు, వాళ్లకి తోడు నిలిచిన కార్యకర్తలు, వీధి పాటగాళ్లు, ఒక కర్ణాటక విద్వాంసుడు కలిసి ఈ నదిని కాపాడుకోవడానికి చేస్తున్న పని తమిళుల సొంత వ్యవహారం కాదు. నది ఎగువన ఉన్న మనకి, వాళ్లు పాడే సంగీతంలో సాహిత్యం సమకూర్చిన భాషవాళ్లమైన మనకి, అందులో వాటా ఉంది. ఆ వాటా మనం ఇంతవరకూ తీసుకోలేదు.

పాట పాడితే నీళ్లు శుభ్రపడవు. ఆ సంగతి పాడేవాళ్లకీ తెలుసు. కానీ ఇక్కడ నది లేదని కాగితం చెప్పిన రోజున, ఉందని నలుగురి చెవినా వేసింది పాట. పాటని సాక్ష్యంగా చూడటం ఎన్నూరులో నేను నేర్చుకున్న విషయం.

ముందు నది గురించి. కార్వేటినగరం వైపు కొండల్లో కురిసిన వాన కృష్ణాపురం జలాశయం చేరి, అక్కడి నుంచి నగరి మీదుగా తమిళనాడులోకి దిగుతుంది. అమ్మపల్లి దగ్గర ఆ జలాశయం గేట్లు ఎత్తారంటే అవతల పళ్లిపట్టు ఊళ్లవాళ్లు వంతెనల మీద నీళ్లు పారతాయేమోనని చూసుకుంటారు. తిరువళ్లూరు జిల్లా పూండి దగ్గర ఈ నదికి అడ్డంగా 1944లో కట్టిన జలాశయం ఉంది. చెన్నై తాగే నీళ్లలో పెద్ద భాగం అక్కడి నుంచే. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కుదుర్చుకున్న ఒప్పందంతో మొదలైన తెలుగుగంగ నీళ్లు, కండలేరు నుంచి కాలువ వెంట వచ్చి చేరేదీ ఆ పూండికే. అంటే చెన్నైకి మనం పంపే కృష్ణా నీళ్లు కుశస్థలి ఒడిలో పడి మరీ పట్నం చేరుతున్నాయి. చివర్లో ఎన్నూరు దగ్గర బకింగ్‌హాం కాలువ వచ్చి నదిలో కలుస్తుంది. ఆ కాలువ మొదటి భాగం, మద్రాసు నుంచి ఎన్నూరు దాకా, 1806లో తవ్వించిందే. తర్వాత అది పులికాట్, నెల్లూరు దాటి పెదగంజాం దాకా సాగింది. ఒకప్పుడు తెలుగు ఊళ్ల ధాన్యం, కట్టెలు పడవలెక్కి మద్రాసు చేరిన దారి అది.

నదీ సముద్రమూ కలిసేచోట ఏర్పడిన ఉప్పుటేరు ఎన్నూరు జనానికి పంటపొలం. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు పోటుతోపాటు ఏట్లోకి వస్తాయి. అక్కడి ఉప్పూ తీపీ కలిసిన నీళ్లలో, మడచెట్ల వేళ్ల మధ్య పెరుగుతాయి. పీతలు, మడవలు, ఆల్చిప్పలు అంతే. నది నుంచి తీపినీళ్లు రాకపోయినా, సముద్రపు పోటు లోపలికి రాకుండా మేట వేసినా ఆ పెంపకం ఆగిపోతుంది. కాట్టుక్కుప్పం, శివన్‌పడైకుప్పం, ముగత్తువారకుప్పం లాంటి పల్లెలు ఈ ఏటి మీదే బతికాయి. ఇరులర్లు, అంటే మన యానాదుల్లాంటివాళ్లు, వల కూడా లేకుండా ఏట్లో కూర్చుని చేతులతో అడుగు తడుముతూ రొయ్యలు పడతారు. పట్టినవి వేసుకునే బుట్టని పళ్లతో కరిచి పట్టుకుంటారు.

ఆ అడుగున ఇప్పుడేముందో నేను కాలు పెట్టి చూశాను. నా దగ్గర పాట నేర్చుకునే ఒక అమ్మాయిది ఎన్నూరు. వాళ్ల మేనత్త ఏట్లో ఆల్చిప్పలేరే మనిషి. పడవలో తీసుకెళ్లి ఒకచోట ఆపి, “దిగు టీచరమ్మా, లోతు లేదులే” అంది. నీళ్లు మోకాటి దాకా కూడా లేవు. అడుగున ఇసుక తగల్లేదు, బురదా తగల్లేదు. పిక్క సగం దాకా మెత్తటి పొడిలో దిగబడిపోయింది. కాలు పైకి తీస్తే బూడిదరంగు మేజోడు తొడిగినట్టుంది. ఆమె అడుగు నుంచి దోసెడు తీసి పిండి చూపించింది. నీళ్లు కారిపోయాక అరచేతిలో మిగిలింది సిమెంటు లాంటి బూడిద. “మా అమ్మ కాలంలో ఇక్కడ మనిషి లోతు ఉండేది. పడవ మీద నుంచి దూకి ఈదేవాళ్లం” అని చెప్పింది. తర్వాత ఒక ఆల్చిప్పని కత్తితో తెరిచింది. లోపల మాంసం అంచున సన్నగా నల్లటి గీత. అలాంటివి పక్కన పడేస్తుంది, అమ్మదు. ఆ రోజు ఏరినవాటిలో పక్కన పడేసినవే ఎక్కువ.

థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చాక మిగిలే ఫ్లై యాష్‌ని నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా బూడిద చెరువులకి పంపుతారు. ఎన్నూరులో ఆ గొట్టాలు ఏటి మీదుగానే పోతాయి. పాతబడి, తుప్పుపట్టి అవి చిల్లులు పడుతూనే ఉన్నాయి. కారిన బూడిద ఏట్లో పేరుకుంది. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణాది బెంచి ఈ కాలుష్యం మీద తీర్పు చెబుతూ ఏటిని తిరిగి బాగుచేయాలని ఆదేశించింది. ఆ కేసు వేసింది మత్స్యకారులే. పగలు వల వేసుకుంటూ, మిగిలిన పొద్దున కోర్టు కాగితాలు మోసుకుంటూ ఏళ్లపాటు తిరిగినవాళ్లు.

బూడిద కంటే పెద్ద దెబ్బ పటం మీద పడింది. 1996లో కేంద్ర పర్యావరణ శాఖ ఆమోదించిన తీరప్రాంత పటంలో ఎన్నూరు ఏరూ, దాని చుట్టూ ఉన్న చిత్తడి నేలా కట్టడాలు నిషేధించిన ప్రాంతం. ఆ తర్వాత అధికారుల చేతుల్లో తిరిగిన పటంలో ఆ ఏరు కనిపించలేదు. ఏరు లేనిచోట కట్టడానికి అడ్డేముంటుంది? మత్స్యకారులూ, వాళ్లకి అండగా నిలిచిన పర్యావరణ కార్యకర్తలూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టి పాత పటాన్ని బయటికి తీయించారు. రెండు పటాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప, తాము రోజూ పడవ నడిపే నీళ్లు నిజంగా ఉన్నాయని వాళ్లు నిరూపించుకోలేని పరిస్థితి వచ్చింది.

ఇదిగో, ఈ దశలో పాట వచ్చింది. 2017 జనవరిలో ‘చెన్నై పోరంబోక్కు పాడల్’ విడుదలైంది. పాడింది కర్ణాటక విద్వాంసుడు టి.ఎం.కృష్ణ. రాసింది కబేర్ వాసుకి. రాగమాలికగా స్వరపరిచింది ఆర్.కె.శ్రీరామ్‌కుమార్. పోరంబోకు అంటే ఏమిటో తెలుగు రైతుకి చెప్పనక్కర్లేదు. వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు, మేత పోరంబోకు మన అడంగళ్లలోనూ ఉన్నాయి. ఊరందరివీ అయిన ఆ నేలల మీదే పట్నం బతుకుతోందనీ, వాటిని మింగితే వరద ఇళ్లలోకి వస్తుందనీ ఆ పాట చెబుతుంది. చెప్పింది మద్రాసు వీధుల్లో మాట్లాడుకునే తమిళంలో. పాడింది ఆనందభైరవి, బేగడ, దేవగాంధారి లాంటి నిండైన రాగాల్లో. దృశ్యం తీసింది ఎన్నూరులో, పొగగొట్టాల ముందు, బూడిద నేల మీద. ఒకచోట విద్వాంసుడు ముక్కుకి మాస్కు కట్టుకుని కనిపిస్తాడు.

ఆ బేగడ విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ తీరంలోనే, ఆ రాగంలోనే త్యాగరాజస్వామి అమ్మవారి సౌందర్యాన్ని పాడారు. అదే గాలి పీల్చి ఇవాళ ఇంకొకరు ఏటి దుస్థితిని పాడారు. రెండింటికీ మధ్య సుమారు రెండు శతాబ్దాలు. నా విద్యార్థులకి ఇప్పుడు ఆ కీర్తన చెప్పేటప్పుడు ఆ తీరం సంగతి కూడా చెబుతాను. రాగం ఎక్కడి గాలిలో పుట్టిందో తెలియకుండా గమకాలు ఒక్కటే నేర్పడం నాకిప్పుడు సగం పాఠంగానే అనిపిస్తుంది.

శాస్త్రీయ సంగీతంలోకి బూడిద, గొట్టాలు, పోరంబోకు తీసుకురావడమేమిటని అభ్యంతరం చెప్పిన రసికులున్నారు. టి.ఎం.కృష్ణ అభిప్రాయాలు నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన మీద వాదన వేరే చేసుకోవచ్చు. కానీ నది సంగీతానికి కొత్త వస్తువు కాదు. కావేరి నడకని త్యాగరాజస్వామి అసావేరిలో కీర్తనగా కట్టారు. ఏ ఊళ్ల మీదుగా ఎలా ప్రవహిస్తూ పోతోందో చూడమన్నారు. నిండుగా పారే నదిని పాడటం సంప్రదాయమైతే, పారలేని నదిని పాడటం సంప్రదాయానికి ద్రోహమెలా అవుతుంది? వాడుకమాట మీద కూడా అభ్యంతరం నిలవదు. కుశస్థలి ఎగువన ఉన్న కార్వేటినగరం ఆస్థానంలో సారంగపాణి వేణుగోపాల ముద్రతో పదాలు రాశారు. ఆయన పదాల్లో వినిపించేది మా చిత్తూరు సీమ జనం నోటి తెలుగు, వాళ్ల సామెతలు, వాళ్ల దెప్పిపొడుపులు. నది ఎగువన శతాబ్దాల క్రితమే జానపదుల నోటిమాట శాస్త్రీయ రాగంలో కూర్చుంది. దిగువన ఇప్పుడు కూర్చుంటే తప్పేముంది?

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎన్నూరు గొంతు కర్ణాటక విద్వాంసుడితో మొదలవలేదు. ఉత్తర చెన్నైకి తన సొంత సంగీతం ఉంది. దాన్ని గానా అంటారు. రేవు కూలీలు, రిక్షా లాగినవాళ్లు, మత్స్యకారులు, పారిశుధ్య కార్మికులు నివసించే పేటల్లో, దళిత వాడల్లో పెరిగిన పాట అది. సినిమాల వల్ల గానా అంటే హుషారు పాటని బయటివాళ్లు అనుకుంటారు. మా వీధిలో దాన్ని వినేది ఎక్కువగా చావింట్లో.

మా సందు చివర ఒక ఆటో డ్రైవరు పోయినప్పుడు రాత్రి షామియానా వేశారు. శవం పెట్టె పక్కన కుర్చీలు. ఒక పాటగాడు, డోలక్ వాయించే ఒకతను, తాళానికి ఇద్దరు కుర్రాళ్లు. పాటగాడు ముందు పోయినాయన భార్యనీ, అన్ననీ పక్కకి పిలిచి కాసేపు మాట్లాడాడు. పుట్టిన ఊరు, చేసిన పనులు, పిల్లల పేర్లు, అప్పు చేసి కొన్న ఆటో, చివరి జబ్బు, అన్నీ అడిగి తెలుసుకున్నాడు. తర్వాత తెల్లవార్లూ ఆ మనిషి బతుకుని పాటగా కట్టి పాడాడు. కూతురి పేరు వచ్చినప్పుడు ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడ్చారు. ఆ డ్రైవరు గురించి ఏ పత్రికలోనూ నాలుగు వాక్యాలు రాలేదు. ఎవరూ ఆయన చరిత్ర రాయరు. గానా పాటగాడు ఆ రాత్రి రాశాడు, నోటితో. కాగితం పట్టించుకోని మనుషులకి చరిత్ర ఉందని చెప్పే పద్ధతి అది. కాగితం తుడిచేసిన నదిని పాటలో నిలబెట్టడం ఉత్తర చెన్నైకి ఎక్కడి నుంచో వచ్చిన ఆలోచన కాదు. మనుషుల విషయంలో అది తరతరాలుగా చేస్తున్న పనే.

ఈ గానా, కర్ణాటక సంగీతం పక్కపక్కన కూర్చున్న సందర్భాలూ ఉన్నాయి. 2015లో అడయారు నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఊరూర్ ఆల్కాట్ కుప్పం అనే మత్స్యకార పల్లెలో ఒక సంగీతోత్సవం మొదలైంది. కర్ణాటక కచేరీ, భరతనాట్యం, పరై మేళం, గానా, విల్లుపాట్టు ఆ ఇసుకలో ఒకే వేదిక ఎక్కాయి. మైలాపూరు సభల వైపే చూసే రసికులు పల్లెకి వచ్చి కూర్చున్నారు. 2018 జనవరిలో సినిమా దర్శకుడు పా.రంజిత్ చొరవతో ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందం తొలి కచేరీ ఇచ్చింది. గానా, ర్యాప్, రాక్ కలిపి, కులం గురించి, మురికివాడల ఖాళీ చేయింపుల గురించి, తినే తిండి గురించి మైదానం నిండా జనం ముందు పాడారు. 2020 నుంచి మార్గళి మాసంలో, సభల్లో కచేరీల కాలంలోనే, జన సంగీతానికీ ఉత్సవం జరుగుతోంది. 2015లోనే సోఫియా అష్రఫ్ కొడైకెనాల్ థర్మామీటర్ ఫ్యాక్టరీ పాదరసం కాలుష్యం మీద ర్యాప్ పాడితే దేశమంతా విన్నది. ఆ మరుసటి ఏడాది ఆ ఫ్యాక్టరీ కార్మికులు 591 మందితో కంపెనీ పరిహారం ఒప్పందం చేసుకుంది. కార్మికులు పదిహేనేళ్లు చేసిన పోరాటం ఫలితమది. పాట ఆ పోరాటాన్ని చివరి మైలు దాటించింది.

ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి. పాట పోరాటానికి బదులు కాదు. ఎన్నూరులో కూడా పాట వచ్చాక కష్టాలు ఆగలేదు. పాట విడుదలైన నెలలోనే, 2017 జనవరి 28న, ఎన్నూరు రేవు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని చమురు తీరమంతా పరుచుకుంది. జనం బకెట్లతో, చేతులతో దాన్ని ఎత్తిపోయడం టీవీల్లో మనమూ చూశాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందురోజు చెన్నైని ముంచింది. ఆ వరదతోపాటు మణలి పారిశ్రామిక ప్రాంతం నుంచి చమురు బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుంచి ఏట్లోకి వచ్చింది. గోడల మీద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో నల్లటి చారలు చెప్పాయి. పడవలకి, వలలకి జిడ్డు పట్టింది. గూడబాతులు రెక్కలు విప్పలేకపోయాయి. ఆ జిడ్డు కడగక ముందే, డిసెంబరు 26 అర్ధరాత్రి, ఎరువుల కర్మాగారానికి సముద్రం అడుగు నుంచి వచ్చే పైపులో అమ్మోనియా లీకైంది. నిద్రలో ఉన్న జనం పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారు. ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. తర్వాత వాళ్లు నిరసనగా నెలల తరబడి టెంటు వేసుకుని కూర్చున్నారు.

అయితే పాట ఏం చేసిందని ఎవరైనా అడగొచ్చు. 2017కి ముందు ఇలాంటి ప్రమాదం జరిగి ఉంటే లోపలి పేజీలో చిన్న వార్తగా పోయేది. ఇప్పుడు ఎన్నూరు పేరు చెబితే చెన్నైలో చదువుకున్న కుర్రాళ్లకి ఏరు, బూడిద, మత్స్యకారుల కేసు గుర్తుకొస్తున్నాయి. 2017 అక్టోబరులో కమల్‌హాసన్ వెళ్లి ఏట్లో బూడిద చూసి వచ్చాడు. తర్వాత మిగతా నాయకులూ వెళ్లారు. పటంలో లేకుండా చేసిన ఏరుని ఇప్పుడు ఎవరూ లేదనలేరు. కోర్టు, సమాచార హక్కు, ధర్నా, వీటి వరసలోనే పాటకీ చోటుంది. దానికి మించి పాట నుంచి ఆశించకూడదు, అంతకంటే తక్కువగానూ చూడకూడదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఉద్యమానికి పాట కట్టడం తెలుగువాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్ని తెలంగాణ సాయుధ పోరాటానికి ఆయుధం చేశారు. వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర యాసని దేశమంతా మోగించారు. గోరటి వెంకన్న ఎండిపోయిన తన ఊరి వాగు మీద కట్టిన పాట విని పాలమూరు కంటతడి పెట్టింది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి భూముల్ని పనికిరాని నేలగా చూపి థర్మల్ కేంద్రానికి ఇవ్వబోతే, జనం ఎదురుతిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకుని మరీ బీలని నిలుపుకున్నారు. ఎన్నూరు కథకీ సోంపేట కథకీ పెద్ద తేడా లేదు. రెండుచోట్లా నీళ్లున్న నేలని కాగితం మీద ఎందుకూ పనికిరానిదిగా రాశారు.

కుశస్థలి ఎగువన మాత్రం ఆ గొంతు వినపడటం లేదు. నగరి, పుత్తూరు ప్రాంతం మరమగ్గాల మీద బతుకుతోంది. మా నాన్న కూడా మగ్గం నేసినాయనే. అద్దకం లేకుండా ఆ బట్ట అమ్ముడుపోదు, నాకు తెలుసు. కానీ అద్దకం నీళ్లు శుద్ధి కాకుండా నదిలో పడుతున్నాయి. మా పుట్టింటికి వెళ్లినప్పుడు వంతెన మీద నుంచి చూస్తే, వానల్లేని నెలల్లో నదిలో కనిపించేది ఎర్రగానో నీలంగానో పారే సన్నటి ధార. ఇసుక తవ్విన గుంటలు దాని పక్కన. బోరు నీళ్లు రంగు మారాయని బంధువులు చెబుతారు. ఈ గోడు మీద ఒక పాట ఎవరైనా కట్టారా అని అడిగాను. లేదు. పదకర్త సారంగపాణిని కన్న సీమ అది.

ప్రభుత్వాల మాటల్లోనూ ఈ నది నీళ్ల లెక్కగానే ఉంది. చిత్తూరు జిల్లాలో కుశస్థలి మీద రెండు జలాశయాలు కడతారన్న ప్రతిపాదన మీద 2022 ఆగస్టులో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ అప్పటి మన ముఖ్యమంత్రికి అభ్యంతరం తెలుపుతూ లేఖ రాశారు. చిత్తూరు రైతుకి నీళ్లు కావాలి, చెన్నైకి తాగునీళ్లు కావాలి. రెండూ న్యాయమైన అవసరాలే. కానీ ఆ ఇద్దరి వాదనలోనూ ఎన్నూరు ఏటి పేరు రాలేదు. నది సముద్రం దాకా పారాలన్న అవసరాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తీపినీళ్లు చేరకపోతే రొయ్య పెరగదన్నది ఇరులర్ స్త్రీకి తెలిసినంతగా మన ఇంజనీరింగ్ ఫైళ్లకి తెలియదు.

చేయాల్సిన పనులు చెబుతాను. నగరి ప్రాంతంలో అద్దకం యూనిట్లకి ఉమ్మడి శుద్ధి కేంద్రాన్ని ప్రభుత్వం తన ఖర్చుతో కట్టి నడపాలి. చిన్న నేతగాడి మీద ఆ భారం వేస్తే మగ్గం ఆగుతుందే తప్ప రంగు ఆగదు. రెండు రాష్ట్రాలూ ఈ నది మీద ఎప్పుడు కూర్చున్నా ఎన్నూరు మత్స్యకారుల ప్రతినిధులకి ఆ బల్ల దగ్గర కుర్చీ వేయాలి. వేసవిలో కూడా సముద్రం చేరేలా కొంత నీరు వదలడాన్ని ఒప్పందంలో రాయాలి. ఎన్నూరు పక్కనున్న కట్టుపల్లి రేవు విస్తరణ లాంటి ప్రతిపాదనలు పులికాట్ దాకా ప్రభావం చూపేవి. పులికాట్ మనది కూడా. అందుకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్కడి ప్రజాభిప్రాయ సేకరణలో తన మాట చెప్పాలి.

సంగీతం వాళ్లం చేయాల్సింది వేరే ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. వీణ కుప్పయ్యర్ పక్కనే ఉన్న శ్రీకాళహస్తి మీద పంచరత్నాలు రాశారు. కార్వేటినగరం పదాలున్నాయి. ఈ మూడింటినీ కలిపి ఒక నది వెంట పెట్టదగ్గ ఉత్సవం మన చేతిలోనే ఉంది. కార్వేటినగరంలో మొదలుపెట్టి, నగరిలో, పూండి దగ్గర, తిరువొత్తియూరులో ఒక్కోరోజు పాడొచ్చు. వేదిక మీద విద్వాంసులతోపాటు మన జానపద కళాకారులు, ఎన్నూరు గానా పాటగాళ్లు సమానంగా కూర్చోవాలి. పారితోషికం కూడా సమానంగా ఇవ్వాలి. కుశస్థలి మీద తెలుగులో కొత్త పాట కట్టించి ఆ వేదికల మీద పాడించాలి. సభల నిర్వాహకులు దీనికి డబ్బు లేదనకూడదు. వాళ్లు ఏటా పాడించే కీర్తనల్లో కొన్ని ఈ నది ఒడ్డున పుట్టినవే.

చివరగా నగరి, కార్వేటినగరం ప్రాంతాల గ్రామాల వాళ్లకి, ముఖ్యంగా యువకులకి ఒక విన్నపం. ఎన్నూరు వాళ్లకి ముందు పటం పోయింది, తర్వాత ఏరు పోయింది. మీకు ఇంకా పటం పోలేదు. వచ్చే గ్రామసభలో కుశస్థలి, దాని వాగులు, చెరువుల సర్వే నంబర్లు, విస్తీర్ణం చదివి వినిపించమని అడగండి. హద్దురాళ్లు నాటించమని అర్జీ పెట్టండి. ఆ కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. పాట కట్టగలిగినవాళ్లు కట్టండి. రెండూ కలిసి ఉంటేనే నదిని తీసేయడం ఎవరికైనా కష్టమవుతుంది.